గాజు చేపకు ఊపిరి కన్నం

రొట్టె ముక్కని ఆలివు నూనెలో ముంచి, పైన చిటికెడు ఉప్పు చల్లి, మొగుడి నోటి దాకా తీసుకెళ్ళిన థల్లూసా చెయ్యి మధ్యలో ఆగిపోయింది. హిల్లుస్ కనుబొమల్లో పాలరాతి పొడి ఇంకా అలాగే ఉంది. నిన్న సాయంత్రం స్నానశాలలో అంతసేపు ఉండి వచ్చాడు కదా, ఏం తోముకున్నాడో ఏమో! నిండు యౌవనంలో ఉన్నవాడు కాస్తా కనుబొమల దగ్గర మాత్రం తాతయ్యలా ఉన్నాడు. ఆమెకి నవ్వాగలేదు.

"ముందా ముక్క పెట్టి తర్వాత నవ్వు," అన్నాడు హిల్లుస్, తెరిచిన నోరు మూయకుండానే.

పెళ్ళి వేసవిలో అయింది. ఆ తర్వాత ద్రాక్షలు కోశారు, తొక్కారు, రసం జాడీల్లోకి ఎక్కింది, ఊరంతా ఆ సంగతి మరిచిపోయి ఆలివుల గొడవలో పడింది. థల్లూసాకి మాత్రం పెళ్ళి నిన్ననే అయినట్టుంది. పుతియోలీ రేవులో, గాజు పనివాళ్ళ వీధిలో, కొలిమి పైనున్న ఈ ఒక్క గదీ ఆమెకి రాజభవనం. కింద కొలిమి మండితే పైన గోడ వెచ్చబడుతుంది. ఆ గోడకి వీపు ఆనించి కూర్చుంటే ఎంత హాయి! ఒక కాలు పొట్టిదైన మంచం, ఒకదానికొకటి పోలిక లేని రెండు ఆకుపచ్చ గాజు గ్లాసులు, కిటికీలోంచి రేవు గట్టు కమానులు, వాటి మధ్య ముక్కలు ముక్కలుగా సముద్రం. చదువుకున్న పిల్ల ఆమె. పెరిగిన ఇంట్లో యజమానురాలి కూతుళ్ళతో పాటు గ్రీకు, లాటిన్ రెండూ నేర్చుకుంది, పద్యాలు గడగడా అప్పజెప్పగలదు. కానీ ఇంత నూనె, ఇంత ఉప్పు, ఇంత ఎండ ఇచ్చే సంతోషానికి తనకొచ్చిన పద్యాల్లో ఒక్కటీ సరిపోవట్లేదని ఈ మధ్యే తెలుసుకుంది.

"ఒకటి చెప్పనా? ఎగతాళి చెయ్యకూడదు," అంది, రొట్టె ముక్క అతని నోట్లో పెడుతూ.

"ఊఁ."

"నిన్న నా చేత చేప బిళ్ళ పెట్టించావు కదా. పెట్టి చెయ్యి తీశానా, అది నన్నే చూసింది! బంగారు కన్నుతో, ఇదిగో ఇలా, ఓరగా. నాకైతే ఎంత ముద్దొచ్చిందో. కొత్త పెళ్ళికూతురివా అని అడిగినట్టే ఉంది."

నములుతున్న హిల్లుస్ దవడ ఆగింది.

"చూసిందా?"

"ఆఁ."

"పెట్టకముందు చూసిందా, పెట్టాక చూసిందా?"

"పెట్టాకే! పెట్టకముందు నా గుప్పిట్లో ఉందిగా."

హిల్లుస్ నోట్లో ముక్క మింగాడో ఉమ్మేశాడో ఆమె చూడలేదు. అతని కళ్ళనే చూస్తోంది. "థల్లూ," అన్నాడు మెల్లగా, "పెట్టాక అది నిన్ను చూడకూడదే. చెక్కని చూడాలి."

ఆ వీధిలో గోడ పలకల పనంతా బోర్లా పని మరి. వెడల్పాటి చెక్క మీద ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ తిప్పి బొమ్మ గీస్తారు. దాని మీద రంగు గాజు ముక్కల్ని ముఖం కిందికి ఉండేలా పేరుస్తారు. కాచిన గుగ్గిలంలో పాలరాతి పొడి కలిపి పైన పోసి, కుండ పెంకులు అదిమి, గట్టిపడనిస్తారు. ఆ తర్వాత పలకని లేపి నిలబెట్టి చెక్క ఊడదీస్తే అప్పుడు కనబడుతుంది బొమ్మ. అప్పటిదాకా పనివాడికి కనబడేది దాని వీపే. మామూలు ముక్కలతో ఏ పేచీ లేదు. నీళ్ళ నీలం, రెల్లు పచ్చ, తామర తెలుపు ఎటు తిప్పినా అవే. చేప బిళ్ళ సంగతి వేరు. అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్ళ అది. ముఖం వైపు సన్నటి రంగు కడ్డీల ముక్కలు అతికించి కరిగించిన చేప, పొలుసు పొలుసుకీ ఒక రంగు, కంట్లో బంగారు రేకు. వెనక వైపు ఒట్టి ముదురు నీలం, పైభాగం ఎటో తెలియడానికి ఒక గీత.

థల్లూసా తన అరచేతి వంక చూసుకుంది. అంత అందాన్ని బోర్లా పడుకోబెట్టాలని చేతికి తోచలేదు! ఎదురుగా పెట్టుకుని మురిసిపోయింది. ఇప్పుడు పలక నిలబెడితే తామరకొలను నడిమధ్యలో అందరికీ కనబడేది గీత పడ్డ నీలం బిళ్ళ. చేపేమో గోడ వైపు తిరిగి, జీవితాంతం సున్నం చూస్తూ ఉంటుంది.

"గుగ్గిలం పోసినప్పుడు నువ్వు చూళ్ళేదా?" అంది.

"పొగ కళ్ళలోకి కొట్టింది. బాన మూతి వంకే చూస్తున్నా, ఎక్కడ ఒలుకుతుందోనని. ఆ చివర నుంచి దోరిస్ పిన్ని పెంకులు సర్దుకుంటూ వచ్చింది." హిల్లుస్ లేచి నిలబడ్డాడు. "ఇంకేముంది. కొరింథే."

ఆ ఒక్క మాటకే థల్లూసా అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కొరింథులో ఒక పెద్దమనిషి ఇంటికి వెళ్ళాల్సిన పలకలు పెట్టెల్లో సర్ది రేవులో ఉన్నాయి. వాటితో పాటు వెళ్ళి గోడకి బిగించడానికి ఒక పనివాడు కావాలి. ఈ ఓడ వెళ్ళిందంటే ఆ తర్వాత చలికాలం, సముద్రం మూత. వెళ్ళినవాడు మళ్ళీ వసంతానికే. ఎవర్ని పంపాలో చెప్పేవాడు కార్ఖానా యజమాని స్టాఫిలుస్. హిల్లుస్ ఒకప్పుడు అతని బానిసే. స్వేచ్ఛ ఇచ్చినా, మాట ఇంకా అతనిదే. పెళ్ళాన్ని కూడా తీసుకెళ్తానని హిల్లుస్ అడిగితే, "ఓడలో గాజు పెట్టడానికే చోటు లేదు, నీ కాపురం ఎక్కడ పెట్టను?" అన్నాడు. తప్పించుకునే దారి ఒక్కటే. ధాన్యం ఓడల వీబియా అమ్మగారు తన భోజనశాల గోడలన్నీ గాజు పలకలతో నింపాలనుకుంటోంది. మచ్చుకి ఒక్కటి చేసి చూపించమంది. అది నచ్చి ఆమె పని ఇస్తే, ఆ పని హిల్లుస్ తప్ప ఇంకెవరూ చెయ్యలేరు, అప్పుడు కార్పుస్ అనే ఇంకో పనివాడు కొరింథు వెళ్తాడు. నచ్చకపోతే హిల్లుసే.

ఆ మచ్చు పలకే ఇది. వీబియా చూడటానికి వస్తోంది ఈ రోజే.

"తీసేద్దాం," అంది థల్లూసా.

"ఏంటి తీసేది?"

"వెనక నుంచి తవ్వి, బిళ్ళ తిప్పి, మళ్ళీ పూడ్చేద్దాం. గుగ్గిలం ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదుగా? నిన్న పోసిందేగా?"

హిల్లుస్ ఆమె వంక చూశాడు. భయంలో కూడా అతనికి నవ్వొచ్చింది. "పద. పిన్ని చేపల బజారుకి వెళ్ళింది, వచ్చేలోగా అయిపోవాలి. ఆవిడకి తెలిసిందంటే మనం కొరింథు కాదు, పాతాళానికే పోవాలి."

ఇద్దరూ మెట్లు దిగి కార్ఖానాలోకి పరిగెత్తారు. స్టాఫిలుస్ స్నానశాలలో ఉంటాడు, కార్పుస్ రేవులో పెట్టెల దగ్గర. కొలిమిలో నిప్పు నివురు కప్పుకుని ఉంది. పని బల్ల మీద పలక బోర్లా పడుకుని ఉంది, వీపంతా కుండ పెంకులతో తాబేలులా. హిల్లుస్ పల్చటి ఇనప బద్దని నిప్పుల్లో గుచ్చాడు. థల్లూసా చీరి ఉంచిన గుడ్డలు తడిపి సిద్ధంగా పెట్టింది. నడిమధ్య ఎక్కడో ఆమెకే తెలుసు. అంచు నుంచి జానలు వేసి చూపించింది.

"ఇక్కడ."

"సరిగ్గా చెప్పు."

"ఇక్కడేనయ్యా! ముద్దు పెట్టుకోవాలనిపించిన చోటు మర్చిపోతానా?"

వేడి బద్ద తగలగానే గుగ్గిలం సుయ్యిమంది. దేవదారు వాసన గుప్పున లేచింది. పై పొర గట్టిగానే ఉంది కానీ కింద ఇంకా మైనంలా లొంగుతోంది. రెండు పెంకులు ఊడి వచ్చాయి. వాటి కింద ముద్దని హిల్లుస్ కొంచెం కొంచెంగా గోకాడు. థల్లూసా తడి గుడ్డతో తుడిచింది. గోకడం, తుడవడం, ఊదడం. ఇద్దరి తలలూ ఒకదానికొకటి తగులుతున్నాయి. అలా తగిలినప్పుడల్లా ఆమెకి ఏడుపొస్తోంది, ఈ తల చలికాలమంతా సముద్రానికి అవతల ఉంటుందేమోనని.

"వస్తోంది... ఏదో తళుక్కుమంది," అన్నాడు హిల్లుస్.

"బంగారమా?"

"ఆగు. తుడు."

తుడిచింది. నీలం. ఇంకొంచెం గోకాడు, ఇంకా తుడిచింది. అంతా నీలమే. పొలుసు లేదు, కన్ను లేదు. ఒక పక్కగా గీత, ఉండాల్సిన వైపే ఉంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇది వీపు," అంది థల్లూసా.

"వీపే."

"అంటే ముఖం కిందికే ఉంది!"

"కిందికే ఉంది! నువ్వు సరిగ్గానే పెట్టావే!"

"లేదయ్యా, నన్ను చూసిందని చెప్పానుగా..."

"ఏమర్రా, నిధి దొరికిందా?"

గుమ్మంలో దోరిస్. చంకలో వెదురు బుట్ట, బుట్టలో చిన్న చేపలు, కళ్ళలో నిప్పులు. గాజు ముక్కలు సానబట్టి సానబట్టి ఆమె వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయాయి, నాలుక మాత్రం అరగలేదు. హిల్లుస్‌కి తల్లి తర్వాత తల్లి. అయినా సరే, హిల్లుస్ ఇనప బద్దని వీపు వెనక దాచుకున్నాడు, తేనె దొంగలా. బద్ద ఇంకా వేడిగా ఉండటంతో వెంటనే ముందుకి తీసేశాడు.

"పిన్నీ, అది... చేప తిరగబడిందేమోనని..."

"తిరగబడింది. నేనే మళ్ళీ తిరగేశాను."

థల్లూసా నోరు తెరిచింది.

"అవునే పిల్లా, నేనే. నువ్వు నీళ్ళకి వెళ్ళావు. వీడు బాన కలుపుతున్నాడు. నేనొచ్చి చూద్దును కదా, చేపగారు వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నారు. చెయ్యి పెట్టి ఇటు తిప్పాను. అంతే." దోరిస్ బుట్ట కింద పెట్టింది. "మొదటిసారి ప్రతివాళ్ళూ అలాగే పెడతారు. అందమైన దాన్ని బోర్లా పడుకోబెట్టాలంటే ఎవరికి మనసొప్పుతుంది? నేను నెమలిని పెట్టాను అలా. మా అత్త దాన్ని తిప్పి, తర్వాత నన్ను తిట్టింది. ఆవిడ పోయేదాకా తిట్టింది."

"మరి నాతో చెప్పలేదేం అత్తా?"

దోరిస్ ముఖం తిప్పుకుంది. "కొత్తగా వచ్చినదానివి. ముఖం చూస్తే దీపంలా వెలిగిపోతోంది. ఊది ఆర్పడం ఎందుకులే అని నా నోటికి ఒక్క పూట సెలవిచ్చాను. సెలవిచ్చినందుకు నాకిదీ ఫలితం! పలక వీపుకి కన్నం పెట్టి కూర్చున్నారు మొగుడూ పెళ్ళాలు!"

థల్లూసా ఒక్క అంగలో వెళ్ళి ఆమెని కావలించుకుంది. దోరిస్ "ఒసేయ్, చేపల చేతులే!" అని అరిచింది కానీ విడిపించుకోలేదు. హిల్లుస్ బల్ల అంచు పట్టుకుని కూలబడ్డట్టు కూర్చున్నాడు.

"కూర్చున్నది చాలు, లే," అంది దోరిస్. "గుగ్గిలం కాచు. కన్నం పూడ్చు. మధ్యాహ్నానికి ఆరిపోవాలి."

గుగ్గిలం ముక్కలు బానలో పడ్డాయో లేదో, వీధిలో పల్లకీ బోయీల కేకలు వినపడ్డాయి. ఏ విందుకైనా వంట కాకముందే వచ్చి కూర్చునే మనిషి అని వీబియాకి ఊళ్ళో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆమెతో పాటు స్టాఫిలుస్, తడి జుట్టుతో, నూనె వాసనతో, రొప్పుతూ. స్నానశాల నుంచి సగంలో లాక్కొచ్చినట్టున్నారు. వెనకే కార్పుస్.

"రండమ్మా రండి, దయచెయ్యండి. పలక మీ కోసమే ఎదురు చూస్తోంది," అంటూ లోపలికి వచ్చిన స్టాఫిలుస్ బల్ల దగ్గర ఆగిపోయాడు. పలక వీపు నడిమధ్య కన్నం. అడుగున నీలం. "ఇదేంటి?"

హిల్లుస్ అంతా చెప్పేద్దామని నోరు తెరిచాడు. థల్లూసా అతని అంగీ అంచు గట్టిగా పట్టుకుంది.

"ఊపిరి కన్నం అయ్యా," అంది దోరిస్.

"ఏమిటీ?"

"ఊపిరి కన్నం. గుగ్గిలం లోపల ఆవిరి ఉంటుందిగా, అది బయటికి పోవడానికి. లేకపోతే ఎండాకాలం గోడ మీద పలక ఉబ్బి పగిలిపోదూ? అలెగ్జాండ్రియాలో పెద్ద పలకలన్నిటికీ పెడతారు." దోరిస్ చేపల బుట్ట పక్కకి జరుపుతూ తాపీగా అంది. "మీకు తెలియనిదా? మీరు అక్కడి మనిషే కదా."

అలెగ్జాండ్రియా అన్న మాట వినపడితే చాలు, స్టాఫిలుస్ వెన్ను దానంతట అదే నిటారుగా అయిపోతుంది. 'మా అలెగ్జాండ్రియా' అనకుండా అతను ముద్ద కూడా మింగడు. ఆ ఊరి నుంచి ఓడ దిగేటప్పటికి అతనికి ఇంకా పళ్ళు రాలేదనీ, అమ్మ చంకలో ఉన్నాడనీ తెలిసినవాళ్ళలో ఈ వీధిలో ఒక్క దోరిస్సే మిగిలింది.

"తెలియకేం?" అన్నాడు స్టాఫిలుస్. కన్నంలోకి తొంగి చూశాడు. వేలితో అంచు తడిమాడు. "మా అలెగ్జాండ్రియాలో... ఆఁ. ఊపిరి కన్నం. ఇక్కడివాళ్ళకి ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయి! నేనే చెప్పాను పెట్టమని. కాకపోతే ఇంకాస్త గుండ్రంగా పెట్టాల్సింది."

"ఈసారి గుండ్రంగా పెడతాను అయ్యగారూ," అన్నాడు హిల్లుస్ వినయంగా.

వీబియా కూడా వంగి చూసింది. లావుపాటి మనిషి, చెవులకి ముత్యాలు, కళ్ళు మాత్రం ధాన్యం తూకం వేసేవాళ్ళవి. "మా మరిది పక్క ఊళ్ళో, బాయియేలో, ఇలాంటి పలకలతోనే గోడలు కట్టించాడు. వాటికి ఈ కన్నాలు లేవే?"

"ఉండవమ్మా," అన్నాడు స్టాఫిలుస్, జాలిగా. "ఎవరు చేశారో ఏమో పాపం."

వీబియా ముఖంలో అప్పుడే సగం పని కుదిరినంత సంతోషం కనబడింది. మరిది దగ్గర లేనిదేదైనా ఆమెకి నచ్చుతుంది.

థల్లూసా మాత్రం కన్నం అంచునే చూస్తోంది. కన్నం సంగతి దాటింది, చేప సంగతి దాటలేదు. బిళ్ళని వెనక నుంచి పట్టి ఉంచే ముద్దంతా వీళ్ళిద్దరూ గోకేశారు. ఇప్పుడు దాన్ని పట్టుకున్నది అంచు చుట్టూ మిగిలిన దారమంత గుగ్గిలం. అదీ ఇందాకటి వేడికి మెత్తబడి ఉంది. పలక బోర్లా ఉన్నంతసేపూ భయం లేదు, చెక్క మోస్తుంది. నిలబెట్టి చెక్క తీస్తేనో? చేప జారి వీబియా పాదాల దగ్గర పడుతుంది. పడితే ముక్కలే. ఆ ముక్కలతో పాటు హిల్లుస్ ఓడెక్కుతాడు.

"లేపండ్రా మరి," అన్నాడు స్టాఫిలుస్.

హిల్లుస్ ఒక కొస, కార్పుస్ ఒక కొస పట్టుకున్నారు. చెక్కతో సహా పలక మెల్లగా లేచి నిలబడింది. హిల్లుస్ లేపుతూనే పలక వెనక్కి జారాడు. ఒక చేత్తో చట్రం పట్టుకుని, రెండో చేతి బొటనవేలు ఎవరూ చూడకుండా కన్నంలోకి దూర్చి, బిళ్ళ వీపున మిగిలిన గుగ్గిలం జిగురుకి వేలు అంటించి, అది ముందుకి జారకుండా పట్టేశాడు. థల్లూసా నిలబడ్డ చోటి నుంచి ఆ వేలు కనబడుతోంది.

స్టాఫిలుస్ సన్నటి కత్తితో చెక్క అంచు వెంట గీసి, ఊడదీశాడు.

తామరకొలను!

రెల్లు దుబ్బుల సందుల్లో బాతులు, తెల్ల తామరలు, పక్కన ఒక మొసలి ముక్కు. నడిమధ్య చేప. చెక్క మీది జిగట ఇంకా అంటుకుని మసగ్గా ఉంది. స్టాఫిలుస్ నూనె గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాడు. రంగులు ఒక్కసారిగా కళ్ళు తెరిచాయి. పొలుసుల మీద తలుపులోంచి వచ్చిన ఎండ పడి, ఎరుపు నుంచి పసుపుకీ పసుపు నుంచి ఆకుపచ్చకీ జారిపోతోంది. పలకలు చూసి చూసి అలవాటైన కార్పుస్ కూడా ఈల వేశాడు.

వీబియా దగ్గరికి వచ్చింది. ఇంకా దగ్గరికి వచ్చింది. చూపుడువేలు చాపి చేప మీద పెట్టి, నొక్కింది.

థల్లూసా కళ్ళు మూసుకుని వీనస్ దేవతకి పావురం మొక్కుకుంది. మొక్కుకున్నాక ఒకటేం సరిపోతుంది, జంట అంది.

చప్పుడేమీ కాలేదు. కళ్ళు తెరిస్తే చేప ఉంది. వీబియా వేలు ముందు నుంచి, హిల్లుస్ వేలు వెనక నుంచి, మధ్యలో గాజు చేప.

"చల్లగా ఉంది," అంది వీబియా చిన్నపిల్లలా. "నిజం చేపలాగే చల్లగా ఉంది! ఎవరు చేశారిది? ఏడీ ఆ పనివాడు? ముందుకి రమ్మను, చూస్తాను."

"హిల్లుస్, ఇటు రా," అన్నాడు స్టాఫిలుస్.

పలక వెనక నుంచి హిల్లుస్ కదల్లేదు.

"ఒరేయ్, అమ్మగారు పిలుస్తున్నారు!"

"వస్తున్నానయ్యగారూ... చట్రం కొంచెం... బరువు..."

"కార్పుస్ పట్టుకుంటాడు, నువ్వు రా!"

"సిగ్గు అమ్మా వాడికి," అంది దోరిస్, పలక వెనక్కి నడుస్తూ. "కొత్త పెళ్ళికొడుకు." వెనక్కి వెళ్ళి, గొంతు బాగా తగ్గించి గొణిగింది. థల్లూసాకి మాత్రం వినపడింది. "వేలు తియ్యరా వెధవా. నాది పెడతాను. లెక్క పెట్టి తియ్యి... తియ్యి!"

హిల్లుస్ బయటికి వచ్చాడు. కనుబొమల నిండా తెల్లపొడి, బొటనవేలికి గుగ్గిలం. దాన్ని గుప్పిట్లో దాచుకుని వంగి నమస్కారం పెట్టాడు. దోరిస్ పలక వెనక వీపు విరుచుకుని నిలబడింది, చెయ్యి ఏదో ఆనుకున్నట్టు కన్నం మీద.

"ఇంత కుర్రాడివా!" అంది వీబియా. "సరే విను. నాలుగు గోడలూ కావాలి. ఒక దాని మీద ఇలాగే కొలను. ఇంకోదాని మీద సింహం, లేడిని తరుముతూ ఉండాలి. మిగతావి నువ్వే చెప్పు. వసంతంలో మా అమ్మాయి పెళ్ళి విందు ఆ గదిలోనే. అప్పటికి అయిపోవాలి. చలికాలమంతా ఇదే పని చెయ్యాలి, తెలిసిందా? ఊళ్ళు తిరగడానికి వీల్లేదు."

"తిరగనమ్మా," అన్నాడు హిల్లుస్. "ఎక్కడికీ తిరగను."

"ఇంకో మాట. పలక పలకకీ ఊపిరి కన్నం ఉండాలి. మా మరిదిని పిలిచి మరీ చూపిస్తాను."

"కన్నం వెనక వైపు కదమ్మా, గోడకి బిగించాక కనబడదు," అన్నాడు కార్పుస్, మనసులో ఏమీ లేకుండా.

స్టాఫిలుస్ అతని కాలు తొక్కాడు. "బిగించకముందే చూపిస్తారు! నీకెందుకు? నువ్వు పోయి మూట సర్దుకో. కొరింథు వెళ్ళేది నువ్వే."

థల్లూసా అప్పటిదాకా నిలబడగలిగింది. ఆ మాట వినగానే పక్కన ఉన్న పాలరాతి పొడి బస్తా మీద కూలబడితే తెల్లటి మేఘం లేచింది. వీబియా తుమ్మింది. ఆ తుమ్ముకి బోయీలు పల్లకీ సిద్ధం చేశారు. స్టాఫిలుస్ ఆమెని సాగనంపుతూ వీధి చివరి దాకా అలెగ్జాండ్రియా కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

వాళ్ళ కాళ్ళ చప్పుడు దూరమయ్యాక పలక వెనక నుంచి గొంతు వచ్చింది. "అందరూ సంతోషంగా ఉన్నారు కదా? ఇక ఎవరైనా వచ్చి ఈ ముసలిదాని వేలు విడిపిస్తారా? అంటుకుపోయింది."

హిల్లుస్, కార్పుస్ కలిసి పలకని మళ్ళీ బోర్లా పడుకోబెట్టారు. థల్లూసా నవ్వుతూ, ఏడుస్తూ, వెచ్చటి నూనె రాసి దోరిస్ వేలు ఊడదీసింది. తర్వాత కన్నం పూడ్చింది కూడా తనే, అడుగున పల్చగా, పైన గుంట మిగిలేలా. వీబియా అమ్మగారు మళ్ళీ వచ్చి అడిగితే చూపించాలి కదా. గుంటని వేలితో తిప్పి తిప్పి గుండ్రంగా చేసింది. పని చేస్తున్నంతసేపూ దోరిస్ తలమీద నిలబడి తిట్టింది: చెయ్యి అలా పెడతారా, గుగ్గిలం ఇంత పోస్తారా, నీ గ్రీకు పద్యాలు ఇక్కడ పనికొస్తాయా. నోటికిచ్చిన సెలవు అయిపోయిందన్నమాట. థల్లూసాకి ఆ తిట్లు జోలపాటలా ఉన్నాయి.

ఓడ బయల్దేరిన రోజు మంచి ఎండ. కార్పుస్ ఏడుస్తాడేమో అనుకున్నారు కానీ అతను తల్లి కట్టిచ్చిన అంజూర పండ్ల మూట చంకన పెట్టుకుని, కొరింథు అమ్మాయిల గురించి ఓడవాళ్ళని ఆరా తీస్తూ ఎక్కాడు. పెట్టెలన్నీ అడుగు అరలోకి దిగాయి. తాళ్ళు విప్పారు. తెరచాప ఒకసారి టపటపా కొట్టుకుని గాలి నింపుకుంది.

రేవు గట్టు మీద, ఒక కమాను నీడలో, థల్లూసా మొగుడి చెయ్యి పట్టుకుని నిలబడింది. పక్కనే వేయించిన శనగలు అమ్ముతున్నారు. హిల్లుస్ ఒక దోసెడు కొన్నాడు. ఇద్దరూ ఒకే గుప్పిట్లోంచి తింటున్నారు.

"పద, పోదాం," అన్నాడు హిల్లుస్. "ఓడ వెళ్ళిపోయిందిగా. సింహానికి రంగులు చూడాలి."

"ఇంకా వెళ్ళలేదు. కనబడుతోంది."

"కనబడితే ఏంటే?"

"కనబడినంతసేపూ వెనక్కి రావచ్చు. ఎవరో దిగిపోవచ్చు. స్టాఫిలుస్ పరిగెత్తుకొచ్చి నిన్ను పడవలో ఎక్కించొచ్చు."

"పిచ్చిదానా."

"అవును," అంది థల్లూసా.

హిల్లుస్ గట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. ఆమె కూడా పక్కన కూర్చుంది. కింద నీళ్ళు రాళ్ళని చప్పరిస్తున్నాయి. తెరచాప ముందు దుప్పటంత, తర్వాత రుమాలంత, ఆ తర్వాత గోరంత అయింది. కొండ మొన దగ్గర కాసేపు తెల్లటి చుక్కలా నిలిచింది. చుక్క కూడా కొండ వెనక్కి జారిపోయింది.

థల్లూసా ఇంకొంచెంసేపు చూసింది. సముద్రం ఖాళీ.

"ఇప్పుడు పద," అంది. లేవబోయి, లేవకుండా, మిగిలిన శనగలన్నీ ఒక్కసారిగా నోట్లో పోసుకుని, బుగ్గలు ఉబ్బించుకుని అతని భుజం మీద తల వాల్చేసింది.